దాక్కోవడానికి చోటులేని కాలేజీ

ఇంటర్ సెకండియర్ పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు తిరుపతిలో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.

అందరికీ నమస్కారం. ముందుగా ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, ఇక్కడ ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. రారు. నాకు తెలుసు రారని. మనవాళ్ళకు ముందు వరసంటే ఎక్కడలేని మొహమాటం, ప్రశ్న అడుగుతారేమోనని. సరే, అక్కడే ఉండండి, ఇవాళ నేను మాట్లాడబోయేది కూడా దాని గురించే.

నేను 31 ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కూడా మే, జూన్ వచ్చిందంటే మా ఇంటి వరండాలో చెప్పుల జతలు పెరుగుతాయి. ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న. 'సార్, ర్యాంకు ఇంత వచ్చింది, ఏ కాలేజీ వేసుకోమంటారు?' అంతే. ర్యాంకు చెబుతారు, కులం సర్టిఫికెట్ చూపిస్తారు, ఫీజు ఎంతదాకా కట్టగలరో చెవిలో చెబుతారు. అన్నీ చెబుతారు గాని, 'మా పాప ఇట్లాంటిది సార్, పదిమందిలో నోరు విప్పదు, ఒంటరిగా వదిలేస్తే రాత్రంతా కూర్చుని లెక్క తేలుస్తుంది, ఇట్లాంటి పిల్లకు ఏ కాలేజీ బాగుంటుంది' అని అడిగినవాళ్ళు ఈ 31 ఏళ్ళలో ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈసారి ఒక కొత్త ప్రశ్న వచ్చింది. ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టే ఈ మీటింగ్. 'సార్, ఒక పక్క పెద్ద యూనివర్సిటీలో సీటు వస్తోంది, వేలమంది పిల్లలు, స్విమ్మింగ్ పూలు కూడా ఉందంట. ఇంకో పక్క సిటీలో ఒక చిన్న కాలేజీ, బ్యాచికి వందో రెండొందలో, సీటు రావడమే కష్టం అంటున్నారు. దేనికి పంపమంటారు?' అని.

జవాబు చెప్పేముందు ఒక చిక్కు విడదీయాలి. మనదగ్గర 'ట్రిపుల్ ఐటీ' అంటే ఏది? చేతులెత్తండి. నూజివీడు, ఇడుపులపాయ అనుకున్నవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం మంది. అవి ఆర్జీయూకేటీ అనే రాష్ట్ర యూనివర్సిటీవి, 2008లో పెట్టారు, పదో తరగతి మార్కులతో చేరేవి, రెండేళ్ళు పీయూసీ, అంటే మన ఇంటర్ లాంటిది, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు. మీరు ఇంటర్ సెకండియర్‌లో ఉన్నారు కాబట్టి ఆ బస్సు వెళ్ళిపోయింది. మన జిల్లాలోనే శ్రీసిటీలో ఇంకో ట్రిపుల్ ఐటీ ఉంది, దానికి జేఈఈ మెయిన్ రాసి జోసా కౌన్సెలింగ్‌లో, అంటే ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు కలిపి పంచేచోట, పెట్టుకోవాలి. ఇక హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్నది వేరే, 1998లో మొదలైంది, 66 ఎకరాలు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నది ఇంకొకటి. ఢిల్లీ ఓఖ్లాలో ఉన్నది ఇంకొకటి. అన్నిటికీ పేరు ట్రిపుల్ ఐటీయే, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు, చేరే దారి కూడా ఒకటి కాదు.

ఇది ఎందుకు ఇంత సాగదీస్తున్నానంటే, పోయినేడు ఒకాయన జోసాలో ఆప్షన్లు పెట్టే రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, 'సార్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లిస్టులో కనపడటం లేదు, సైటు పనిచేయట్లేదేమో' అని. సైటు బాగానే ఉంది. ఆ కాలేజీ జోసాలో ఉండదు! దానికి విడిగా అప్లై చేయాలి. జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఒక దారి, వాళ్ళే పెట్టే యూజీఈఈ అనే పరీక్ష ఇంకో దారి. ఆ పరీక్షలో సబ్జెక్టుతో పాటు రీసెర్చికి బుర్ర పనికొస్తుందా లేదా అని చూసే భాగం ఒకటి ఉంటుంది, ఆపైన ఇంటర్వ్యూ. ఆ దారిలో వెళ్తే బీటెక్‌తో పాటు రీసెర్చ్ చేసి థీసిస్ రాసే ఎంఎస్, కలిపి అయిదేళ్ళ కోర్సు. బెంగళూరుదానికీ సొంత అప్లికేషన్. ఢిల్లీదానికి ఢిల్లీ కాలేజీల కౌన్సెలింగ్ ఉంది, జాక్ అంటారు. మనవాళ్ళేమో ఎంసెట్ రిజల్టు వచ్చేదాకా, ఇప్పుడు ఈఏపీసెట్ అనాలిలెండి నోరు తిరగదు, అదొచ్చేదాకా తీరిగ్గా కూర్చుంటారు. అప్పటికి ఇవతల ఫారాల గడువు దాటిపోయి ఉంటుంది. ర్యాంకు వచ్చాక అలిపిరి మెట్లెక్కుదాం, మొక్కు తీర్చుకుందాం, తప్పకుండా ఎక్కండి, కాని 3,550 మెట్లు ఎక్కేముందు ఫారం నింపి పోండి.

ఇంకో మాట, ఇది మన ఊరి గొప్ప. నూజివీడు ట్రిపుల్ ఐటీల వెనకా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వెనకా ఉన్న పెద్దమనిషి ఒకరే, రాజ్ రెడ్డి గారు. ఎక్కడివారో తెలుసా? కాటూరు. మన పాత చిత్తూరు జిల్లాలో పల్లెటూరు. 1937లో అక్కడ పుట్టి, మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియాకు పోయి, అక్కణ్ణించి స్టాన్‌ఫర్డ్‌కు పోయి, కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేయడం మీద పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నారు. కంప్యూటర్ సైన్సుకు నోబెల్ అంటారు దాన్ని. ఆయన చదివింది సివిల్ అని గుర్తుపెట్టుకోండి. 'సీఎస్ఈ రాకపోతే పిల్లోడి జీవితం పోయినట్టే' అంటూ బీపీ పెంచుకుంటున్న నాన్నలు రెండుసార్లు గుర్తుపెట్టుకోండి.

సరే, అసలు విషయానికి వద్దాం. చిన్న కాలేజీ అంటే ఏమిటి? ఎకరాలు తక్కువ అనా? నా దృష్టిలో ఒకటే. చిన్న కాలేజీలో దాక్కోవడానికి చోటుండదు.

మా ఇంటి సంగతి చెబుతాను. మా పాప బెంగళూరులో ఒక చిన్న కాలేజీలో చేరింది, పేరు వద్దులెండి. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నూటికి తొంభై అయిదు తగ్గని పిల్ల. మొదటి ఇంటర్నల్స్ అయిన రోజు రాత్రి పదకొండింటికి ఫోన్. 'నాన్నా, 30కి 9 వచ్చాయి.' అంతే అనింది, ఇంకేం మాట్లాడలేదు. అవతల ఫ్యాన్ శబ్దం వినిపిస్తోంది నాకు. వాళ్ళమ్మ పక్కనుంచి 'ఏమైంది, ఏమైంది' అంటోంది. పొద్దున్నే ఫస్ట్ బస్సెక్కాను. చిత్తూరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరులో టీ తాగి, ముళబాగిలు, కోలారు, బెంగళూరు చేరేసరికి మధ్యాహ్నం. సంచిలో వాళ్ళమ్మ ఇచ్చిన చింతకాయ పచ్చడి సీసా. ఆ సీసా మూత వదులై నా చొక్కాకు నూనె. ఆ నూనె మరకతోనే క్యాంటీన్‌లో కూర్చున్నా.

మేం కూర్చున్న టేబుల్ దగ్గరికి ఒకావిడ వచ్చింది, చేతిలో టిఫిన్ బాక్సు. పాప లేచి నిలబడింది. ఆవిడ నన్ను చూసి, 'మీరు వాళ్ళ నాన్నగారా, మీ అమ్మాయి రెండు సోమవారాలుగా ట్యుటోరియల్‌కు రావడం లేదు, లెక్కలో ఎక్కడ ఆగిపోతోందో నాకు తెలుసు, మూడో స్టెప్పులో ఆగుతుంది, అడగదు' అని చెప్పి, 'రేపు నాలుగింటికి నా రూముకు రా' అని పాపతో అని వెళ్ళిపోయింది. పాప మొహం ఎర్రగా అయింది. సిగ్గు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎందుకో తెలుసా?

నేను 31 ఏళ్ళు పాఠం చెప్పాను. సెక్షన్‌కు 120 మంది. నాకు ఎవరి పేర్లు గుర్తు? ముందు కూర్చునే పది మంది, వెనక అల్లరి చేసే పది మంది. మధ్యలో ఉన్న వందమంది మూడో స్టెప్పులో ఆగారో, మొదటి స్టెప్పులోనే ఆగారో నాకేం తెలుసు? చెప్పడానికి నాకూ బాగాలేదు, కాని అది నిజం. ఆ మధ్యలో కూర్చున్నవాళ్ళలో కొందరి అమ్మానాన్నలు ఇక్కడే ఉండుండొచ్చు. క్షమించండి.

అయితే ఇందులో అంతా మంచే ఉందని నేననను. ఆ చోటులేకపోవడం పిల్లల్ని నలిపేస్తుంది కూడా. రెండో ఏడు పాపే అనింది, 'నాన్నా, ఒక్కరోజు ఎవరికీ తెలియకుండా ఉంటే బాగుండనిపిస్తుంది' అని. బ్యాచ్ చిన్నదైతే ఎవరికి ఎన్ని మార్కులో అందరికీ తెలుసు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో తెలుసు, పొద్దున గొడవపడిన పిల్లతోనే మధ్యాహ్నం ల్యాబ్‌లో పక్కపక్కన పనిచేయాలి. వేలమంది ఉన్నచోట ఒక గుంపు పడకపోతే ఇంకో గుంపు. ఇక్కడ ఉన్నది ఒకటే గుంపు, అందులో పడకపోతే రూములో కూర్చోవడమే.

పైగా ఏరికోరి తీసుకున్న పిల్లలు. వచ్చినవాడల్లా వాళ్ళ ఊరి ఫస్టే. పుంగనూరు ఫస్టూ ఉంటాడు, పాట్నా ఫస్టూ ఉంటాడు. అందరూ ఫస్టులే అయినచోట ఎవరో ఒకరు లాస్టు రావాలి కదా? లెక్క అది, ఎవరూ తప్పించలేరు. ఆ లాస్టు మా వాడే అయితే? ఈ ప్రశ్న ఇంట్లో ముందే వేసుకోండి, నవ్వుతూ వేసుకోండి, పిల్లోడి ముందే వేసుకోండి. 'నీకు అక్కడ లాస్టు వచ్చినా మాకేం పర్వాలేదురా' అనే మాట చేరేముందే వాడి చెవిన పడాలి. 30కి 9 వచ్చాక అంటే వాడు నమ్మడు.

ఇప్పుడు కాస్త లెక్కలు, నా అలవాటు పోదు కదా. కాలేజీవాళ్ళు సగటు ప్యాకేజీ అని వేస్తారు పెద్ద అక్షరాల్లో. చిన్న కాలేజీలో సగటు అనేది మహా మోసగాడు. బ్యాచ్‌లో 60 మంది అనుకోండి. 59 మందికి తలా 10 లక్షలు. ఒక్కడికి మాత్రం ఎక్కడో విదేశీ కంపెనీలో కోటీ 30 లక్షలు. సగటు ఎంత? వేయండి. ఆ, అక్కడ నీలం చొక్కా బాబు... 12 లక్షలు, కరెక్టు. అరవైమందిలో ఒక్కడికి కూడా రాని జీతం అది! అందుకని సగటు వద్దు, మధ్యగతం అడగండి. అందర్నీ జీతం వరుసలో నిలబెడితే మధ్యలో నిలబడ్డ పిల్లోడికి ఎంత వచ్చింది అని. మీవాడు ఎక్కువ భాగం ఆ మధ్యలోనే ఎక్కడో నిలబడి ఉంటాడు.

కటాఫ్ ర్యాంకుల సంగతీ అంతే. నాలుగొందల సీట్లున్నచోట పోయినేటి కటాఫ్‌కు కాస్త విలువ ఉంటుంది. నలభై సీట్లున్నచోట పైనున్న పదిమంది ఐఐటీకి వెళ్ళిపోతే కటాఫ్ ఒక్కసారి కిందికి జారిపోతుంది, వెళ్ళకపోతే పైకి పోతుంది. కాబట్టి పోయినేడు ర్యాంకు చూసి 'మనకు రాదులే' అని ఫారం చించేయకండి.

బ్రాంచిల సంగతి ఒక్క ముక్క. చిన్నచోట బ్రాంచిలు రెండో మూడో ఉంటాయి, అదీ కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ చుట్టూనే. సెకండియర్‌లో 'నాకు మెకానికల్ ఇష్టమని ఇప్పుడు తెలిసింది' అంటే అక్కడ మెకానికల్ ఉండదు. ఏది ఇష్టమో ఇంకా తేలని పిల్లలుంటే, అన్ని బ్రాంచిలూ ఉన్న పెద్దచోటు నయం. మన ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 1959 నుంచీ ఉంది, దాన్ని మనం ఇంటి ముందరి వేపచెట్టులాగా చూడటం మానేశాం.

కాలేజీ చూడకుండా చేర్చకండి. చూడటమంటే గేటు ముందు సెల్ఫీ కాదు. పాప చేరకముందు మేం ఇంకో కాలేజీకి పోయాం, దాని పేరూ వద్దు. బ్రోచర్లో రోబోటిక్స్ ల్యాబ్ ఫొటో భలే ఉంది. ల్యాబ్ చూపించమన్నాం. తాళం వేసుంది. తాళంచెవి ఉన్నాయన లంచ్‌కు పోయాడన్నారు. సరే కూర్చున్నాం. గంటన్నర. వచ్చి తీశాడు. రోబో చెయ్యి ఉంది, దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, కవరు మీద నా వేలితో గీత గీస్తే దుమ్ములో గీత పడింది. గోడ మీద క్యాలెండర్ రెండేళ్ళ కిందటిది. 'పిల్లలు వాడితే పాడవుతుంది సార్' అన్నాడాయన, చాలా మర్యాదగా. నేను ఇంకేం అడగలేదు, పాప నా వైపు చూసింది, బయటికొచ్చి చెరుకురసం తాగి ఇంటికొచ్చాం.

అందుకని పనిదినాన పోండి, సాయంత్రం దాకా ఉండండి. ఆరింటి తర్వాత ల్యాబుల్లో లైట్లు వెలుగుతున్నాయా చూడండి. ఫస్టియర్‌కు పాఠం చెప్పేది ఎవరు, పెద్ద ప్రొఫెసర్లా, పోయినేడు పాసైన కుర్రాళ్ళా, అడగండి. ఎవర్ని అడగాలి? ఆఫీసులో కాదు. టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లల్ని. వాళ్ళకింకా అబద్ధం చెప్పేంత ఓపిక ఉండదు.

ఇక సిటీ. 'సిటీలో ఉంటే ఎక్స్‌పోజర్ సార్' అంటారు. ఏం ఎక్స్‌పోజర్? హాస్టల్ రూములో పడుకుని ఫోన్ చూస్తే గచ్చిబౌలి అయినా మన పక్కనున్న గాజులమండ్యం అయినా ఒకటే. మన ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, 2015లో వచ్చింది, 500 ఎకరాలు దాటిన క్యాంపస్, బ్యాచిలు చిన్నవే, చదువుకు ఏం తక్కువ? కాని క్యాంపస్ దాటితే పొలాలూ హైవే. అక్కడి పిల్లలు లోకాన్ని లోపలికి రప్పించుకోవాలి. గచ్చిబౌలిలో గోడ దాటితే మైక్రోసాఫ్ట్ ఉంది, ఇన్ఫోసిస్ ఉంది, విప్రో ఉంది. శనివారం ఏదో ఒక మీటింగు, ఏదో ఒక లెక్చరు, పని నేర్పే సీనియర్లు. వాడుకున్నవాడికి వాడుకున్నంత. వాడుకోనివాడికి మిగిలేది ట్రాఫిక్కు.

దీని గురించి అమెరికాలో ఒక కాలేజీ కథ ఉంది. న్యూయార్క్‌లో, ఊరి నడిబొడ్డున, కూపర్ యూనియన్ అని. పీటర్ కూపర్ అనే ఆయన 1859లో పెట్టాడు, రైలింజను చేసిన మనిషి, పెద్ద చదువు లేదు. ఇంజనీరింగ్, ఆర్ట్, ఆర్కిటెక్చర్, ఇంతే. బ్యాచిలు చిన్నవి, సీటు దొరకడం గగనం. క్యాంపస్ అంటూ మైదానాలేం ఉండవు, కొన్ని భవనాలు, వాటి మధ్యలోంచి రోడ్డు, రోడ్డు మీద టాక్సీలు. ఊరే క్యాంపస్. అక్కడి హాల్లో 1860 ఫిబ్రవరిలో లింకన్ ప్రసంగించాడు, ఇంకా ప్రెసిడెంట్ కాకముందు. అట్లాంటిచోట దశాబ్దాల తరబడి పిల్లల దగ్గర ట్యూషన్ ఫీజు పైసా తీసుకోలేదు. పైసా! మరి ఏమైంది? 17 కోట్ల 50 లక్షల డాలర్లు అప్పు చేశారు, 2009లో మెరిసిపోయే కొత్త బిల్డింగ్ తెరిచారు, లెక్కలు కుదరలేదు, 2014 నుంచి చేరినవాళ్ళకు ఫీజు పెట్టారు. పిల్లలు కాలేజీ ప్రెసిడెంట్ ఆఫీసులోనే బైఠాయించారు. మళ్ళీ ఇప్పుడు మెల్లమెల్లగా ఉచితానికి వెళ్ళాలని చూస్తున్నారు, 2024లో ఫైనలియర్ వాళ్ళకు ఫీజు తీసేశారు. చిన్న సంసారం కదా, ఒక్క అప్పు చాలు తల్లకిందులు కావడానికి. అందుకే నేను కొత్త బిల్డింగ్ చూపిస్తే ముందు అడిగేది ఒకటే, దీని డబ్బు ఎవరిది, పిల్లల ఫీజుదేనా అని.

ఫీజంటే గుర్తొచ్చింది. ఈ సిటీ కాలేజీల్లో ఏడాది ఫీజు లక్షల్లో ఉంటుంది, హాస్టల్, మెస్ విడిగా. మన రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ బయటి రాష్ట్రం కాలేజీకీ వస్తుందని మీకు మీరే అనుకోకండి, చేరకముందే కనుక్కోండి. పొలం అమ్మొద్దు. చేతులు జోడించి చెబుతున్నా, పొలం అమ్మొద్దు. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని తెచ్చింది, మంచి ర్యాంకింగున్న కాలేజీలకు తాకట్టు, హామీదారు లేకుండా లోను, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు లోనుకు వడ్డీలో 3 శాతం తగ్గింపు. మీ కాలేజీ ఆ లిస్టులో ఉందో లేదో బ్యాంకులో అడగండి. మేనేజర్ విసుక్కుంటాడు. విసుక్కోనీండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనకాల, తలుపు దగ్గర పాప. గట్టిగా చెప్పు తల్లీ. అందరికీ వినపడలేదు, నేను చెబుతాను. 'సార్, నాకు దాక్కోవాలనే ఉంటుంది, అట్లాంటివాళ్ళు చిన్న కాలేజీకి పోకూడదా?' అంటోంది.

దాక్కోవాలనిపించడం తప్పేం కాదమ్మా. నేనూ కాలేజీలో నాలుగో బెంచీ, స్తంభం పక్కన. నాలుగేళ్ళలో ఒక్క ప్రశ్న అడగలేదు. నష్టపోయానా అంటే, కొంచెం పోయాను. పెద్ద కాలేజీకి పోయినా నీ మూడో స్టెప్పు తెలిసినవాళ్ళు ఒక్కరుండాలి, అది మేడమ్ కావచ్చు, సీనియర్ అక్క కావచ్చు, అక్కడైతే నువ్వే వెతుక్కోవాలి, చిన్నచోటైతే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు, నీకు చిరాకొచ్చినా వస్తారు. ఏది తట్టుకోగలవో నాకు తెలియదు, మీ అమ్మకూ తెలియదు. ముందు ఒక పనిచెయ్యి. రెండు చోట్లా ఒక్కో రోజు కూర్చుని రా. పెద్దచోటు మన ఊళ్ళోనే ఉంది, ఎస్వీయూ. చిన్న బ్యాచిల ఏర్పేడుకు బస్సుంది, పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. గచ్చిబౌలికైతే నారాయణాద్రి రైలెక్కి లింగంపల్లిలో దిగు, అక్కణ్ణించి దగ్గరే. టికెట్టు మాత్రం ముందే చేసుకోండి, వారాంతంలో వెయిటింగ్ లిస్టే.